ఇద్దరికే వంటా... అమ్మో!

"ఉన్నది ఇద్దరేగా వదినా, నీకేం పనుంటుంది చెప్పు!" ఈ మాట అనని మనిషి లేదు మా బంధువుల్లో. అమ్మాయి డాలస్‌లో, అబ్బాయి బెంగుళూరులో, మేమిద్దరం బెజవాడలో. నిజమే, ఇద్దరమే. ఆ ఇద్దరికి వండి చూడండి, తెలుస్తుంది సంగతి. పదిమందికి వంటంటే కొంగు బిగించి ఓ పూట కష్టపడితే అయిపోతుంది. ఇద్దరి వంటలో ఉన్న చిక్కు పైవాళ్లకి కనపడదు. కనపడదు కాబట్టి జాలి కూడా దొరకదు.

చిక్కంతా కొలతల్లో ఉందమ్మా. ఐదు లీటర్ల కుక్కర్లో గుప్పెడు కందిపప్పు వేస్తే అది అడుగున పల్చగా పరుచుకుని సగం ఉడుకుతుంది, సగం అంటుకుంటుంది. మన ఇళ్లల్లో గిన్నెలన్నీ నిండు సంసారానికి కొన్నవాయె. చిన్న గిన్నెడు చారుకి ఆ పోపుగరిట నిండా నూనె వంపితే చారు మీద నూనె తేలుతూ ఉంటుంది. సొరకాయ సంగతి మరీను. "సగం కోసివ్వు బాబూ" అంటే కూరలబండి అబ్బాయి "మిగతా సగం ఎవరికి అమ్మనమ్మా?" అంటాడు. న్యాయమే కదా! క్యాబేజీ కొంటే వారమంతా క్యాబేజీయే. సోమవారం పెసరపప్పు వేసి కూర, బుధవారం పకోడీ, శుక్రవారం పచ్చడి. శనివారం నాటికి మా ఆయన కంచం ముందు కూర్చుని, "ఇవాళ దాని పేరేమిటోయ్?" అంటారు.

అందుకని ముందు గిన్నెల్ని మార్చాను. పెద్దవన్నీ తుడిచి అటకెక్కించి, రెండు లీటర్ల కుక్కరు, చిన్న మూకుడు, జానెడు పెనం కొన్నాను. అటకెక్కించేటప్పుడు గుండె కలుక్కుమన్న మాట నిజమే గానీ, ఆ మర్నాడు పప్పు పప్పులా ఉడికేసరికి ఆ దిగులు సగం తీరింది. కూరల విషయంలో ఎదురింటి ఆవిడా నేనూ వాటాల బేరం పెట్టుకున్నాం. సొరకాయ, కంద, గుమ్మడికాయ, పనసపొట్టు, ఏది కొన్నా చెరిసగం. ఇద్దరే ఉండే ఇళ్లు ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉన్నాయి కదా, మీరూ ఓ తోడు వెతుక్కోండి. డబ్బు ఆదా కంటే ముందు క్యాబేజీ బాధ తప్పుతుంది.

ఒక్క ఇడ్లీపిండి దగ్గర మాత్రం తగ్గించడం కుదరదు. గ్రైండర్లో రాయికి పిండి అందాలంటే గ్లాసు మినప్పప్పైనా పడాలి, దానికి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ. ఇద్దరం ఎన్నని తింటాం ఇడ్లీలు? అందుకే రుబ్బిన రోజు సాయంత్రం, పిండి పులవకముందే మా ఇంట్లో దిబ్బరొట్టె. మర్నాడు ఇడ్లీ. చివర్న పుల్లబడిన పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త బియ్యప్పిండి కలిపి పునుగులు.

దిబ్బరొట్టె గురించి కాస్త నిలబడి చెప్పుకోవాలి. ఈ మధ్య పిల్లలు దీన్ని హోటల్లో తిని ఫొటోలు పంపుతున్నారు గానీ ఇంట్లో వెయ్యడానికి జంకుతున్నారు. జంకడానికేమీ లేదు, ఓపికుండాలి అంతే. పిండి గట్టిగా ఉండాలి, గరిట జారుగా కాదు. జీలకర్ర, ఉప్పు కలిపి పెట్టుకోండి. మందపాటి ఇనుప మూకుట్లో నూనె కాస్త ధారాళంగానే పోసి, అది వేడెక్కాక పిండంతా ఒక్కసారే వేసి సర్దండి. అంగుళంన్నర మందం ఉండాలి. మూత పెట్టి, మంట తగ్గగలిగినంత తగ్గించి, ఇరవై పాతిక నిమిషాలు దాని జోలికి వెళ్లకండి. మధ్యలో మూత తీసి తొంగి చూసేవాళ్లకి దిబ్బరొట్టె రాదు. అంచు చుట్టూ నూనె చిటపటలాడడం తగ్గి, తెల్లటి పిండికి గోధుమరంగు గీత పడి, రొట్టె తనంతట తానే మూకుడు వదిలేస్తుంది. అప్పుడు తిరగేసి ఇంకో పది నిమిషాలు. చాకుతో కోయకండి, చేత్తో తుంచండి. పైచెక్కు కరకరలాడుతూ విరుగుతుంది, లోపల్నుంచి ఆవిరొస్తుంది. గోదావరి జిల్లాల వాళ్లు చెరకు పానకంతో తింటారు. మా ఆయనకి అల్లప్పచ్చడి. నాకు ఆవకాయ, అదీ ఊట ఉన్నది.

మా అమ్మమ్మ దీన్ని కుంపటి మీద ఇత్తడి గిన్నెలో వేసేది. మూత మీద కూడా నాలుగు నిప్పులు పేర్చేది, కింద సెగ, పైన సెగ. అమ్మాయి పెళ్లయి వెళ్తూ మాకు వదిలేసిన ఓవెన్‌లో పైనొక కడ్డీ, కిందొక కడ్డీ ఎర్రగా వెలగడం చూసినప్పుడు, ఓస్, ఇది మా అమ్మమ్మ పద్ధతే కదా అనిపించింది. కేకంటే భయం ఆ రోజుతో పోయింది. ఓవెన్ లేనివాళ్లు కూడా దిగులు పడక్కర్లేదు. కుక్కరు అడుగున ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, గాస్కెట్టూ విజిలూ రెండూ తీసేసి వాడితే అదే ఓవెన్. గాస్కెట్టు మాత్రం మర్చిపోకుండా తియ్యాలి. కేకుకి కావలసింది పొడివేడి, కుక్కర్లో ఆవిరి నిలవకూడదు.

బేకింగ్‌కి మా ఇంట్లో అసలు గురువు మా ఆయన. బ్యాంకులో ముప్పై ఏళ్లు పైసాతో సహా లెక్క సరిచూసిన మనిషి. రిటైరైన కొత్తలో వంటింట్లోకొచ్చి, "నువ్వు గుప్పెడంటావు, చిటికెడంటావు, ఆ గుప్పెడు ఎన్ని గ్రాములోయ్?" అని ప్రాణం తీసేవారు. ఓ రోజు వంటింటి త్రాసు కొనుక్కొచ్చారు. చారుపొడి కూడా తూచబోతే చేతిమీద ఒక్కటేశాను. కానీ కేకు దగ్గర మాత్రం ఆయనే గెలిచారు, ఒప్పుకోవాలి. చారులో పులుపెక్కువైతే కాసిని నీళ్లో, కాస్త బెల్లమో వేసి సర్దుకుంటాం. ఓవెన్‌లోకి వెళ్లిన పిండిని ఎవరూ సర్దలేరు. అక్కడ గ్రాములే మాట్లాడాలి.

ఇద్దరికి సరిపడే కేకు కొలత ఆయన డైరీలో ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, రాసుకోండి. మైదా 90 గ్రాములు, కమ్మటి పెరుగు 120 గ్రాములు, పంచదార 75 గ్రాములు, వాసన లేని నూనె 60 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడరు అరచెంచాకి కొంచెం పైన, వంటసోడా పావుచెంచా, వెనిలా నాలుగు చుక్కలు. పెరుగులో పంచదార కరిగేదాకా గిలకొట్టి, సోడా, బేకింగ్ పౌడరు వేసి ఐదు నిమిషాలు పక్కన పెడితే బుసబుసా నురగొస్తుంది. పెరుగులో పులుపుకి సోడా తగిలి గ్యాసు పుడుతుంది, ఆ గ్యాసే కేకుని లేపుతుంది. పాలతో చేసేవాళ్లు సోడా ఒక్కటే వేసి ఊరుకుంటే అందుకే పొంగదు, పాలల్లో తగినంత పులుపుండదు మరి. తర్వాత నూనె, వెనిలా, జల్లించిన మైదా. పిండి కనపడకుండా పోగానే కలపడం ఆపెయ్యాలి. మనం చపాతీపిండి మర్దించే అలవాటులో ఇంకో నాలుగు తిప్పులు తిప్పుతాం చూడండి, అక్కడే కేకు సాగుతుంది, గట్టిపడుతుంది. ఐదంగుళాల గిన్నెలో పోసి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర పాతిక ముప్పై నిమిషాలు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. కోడిగుడ్డు లేదు, క్రీము లేదు, సాయంత్రం కాఫీలోకి చక్కగా నప్పుతుంది. మైదా వద్దనుకునేవాళ్లు గోధుమపిండి, బెల్లంపొడి వాడొచ్చు, రుచి బాగుంటుంది గానీ మెత్తదనం తగ్గుతుంది. 'ఏ తేడా ఉండదు' అని వీడియోల్లో చెబుతారే, నమ్మకండి.

మొగుడు వంటింట్లోకి రావడం గురించి చాలామంది అక్కచెల్లెళ్లు నన్నడుగుతారు. "మీ ఆయన చేస్తారమ్మా, మా వారు గ్లాసుడు నీళ్లు కూడా ముంచుకోరు" అని. నేను కనిపెట్టిందొక్కటే. సాయం అడిగితే రారు. ఏదో ఒక పని పూర్తిగా వాళ్ల చేతిలో పెట్టి అక్కణ్ణుంచి మనం వెళ్లిపోవాలి. మా ఇంట్లో పొద్దున్న కాఫీ పూర్తిగా ఆయనది. పొడి కొనడం, డికాషన్ దింపడం, పాలు కాచడం, ఆ గిన్నె తోమడం కూడా. నేను వంటింటి గడప దాటి లోపలికి వెళ్లను. మొదట్లో పాలు పొంగిన వాసన వచ్చేది, లేవబోయి కూడా మంచానికి అతుక్కుని కూర్చున్నాను. ఇప్పుడు ఆయన కాఫీ నా కాఫీ కంటే బాగుంటుంది. ఈ మాట మాత్రం ఆయనకి చెప్పకండి.

ఆ కాఫీ మాటే మమ్మల్ని అరకు తీసుకెళ్లింది. అక్కడి కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఈయన పేపర్లో చదివి, ఆ తోటలు చూడాలని పట్టుబట్టారు. రిటైరైనవాళ్లకి దేవుడిచ్చిన వరం ఏమిటంటే మంగళవారం నాడు కూడా ప్రయాణం కట్టొచ్చు. దసరా సెలవుల్లో, సంక్రాంతికి, వరసగా సెలవులు కలిసొచ్చినప్పుడు మేం ఇల్లు కదలం. రోజులు చూసుకుని వెళితే గది దొరుకుతుంది, గదిలో వేడినీళ్లు కూడా దొరుకుతాయి.

అరకుకి రైల్లోనే వెళ్లాలి. కారులో వెళ్లొచ్చామనే వాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. విశాఖపట్నం నుంచి పొద్దున్నే కిరండూల్ బండి ఎక్కితే 50కి పైగా సొరంగాలు దాటుకుంటూ కొండెక్కుతుంది. బైలదిల్లా ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన లైనిది. రాళ్ల కోసం వేసిన దారిలో మనం పచ్చదనం చూస్తూ పోతున్నాం. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తగిలించారు, కప్పు కూడా అద్దమే, సీటు కిటికీ వైపుకి తిరుగుతుంది. శిమిలిగూడ స్టేషను దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకొస్తాం. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు పెడుతుంటే, వాళ్లతో పాటు మా ఆయన కూడా కేక పెట్టారు. నేను ఎవరో ఎరగనట్టు బయటికి చూస్తూ కూర్చున్నాను.

నవంబరు, డిసెంబరుల్లో వెళితే వలిసెపూలు. చేలకి చేలే పసుప్పచ్చగా ఉంటాయి. మా ఆయన మాత్రం వలిసెపూలకి రెండు నిమిషాలు, కాఫీతోటకి రెండు గంటలు ఇచ్చారు. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల పాదులు, ఆ నీడన కాఫీమొక్కలు. ఒకే నేలలో మూడు పంటలు. నాకు అక్కడ పచ్చి మిరియాల గుత్తులు చూడగానే ఊరగాయ గుర్తొచ్చింది, ఎవరి పిచ్చి వాళ్లది. సాయంత్రం బొంగులో చికెన్ తిన్నాం. పచ్చి వెదురుబొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద కాలుస్తారు. చుక్క నూనె వెయ్యరు, వెదురులోని తేమకే ఉడుకుతుంది. రోడ్డు పక్కన కాల్చి ఇచ్చేవాళ్ల దగ్గరే తినండి. మేం దిగిన చోట రాత్రి భోజనానికి పెద్ద పళ్లేల్లో పదిరకాలు పేర్చారు, పదిటికీ ఒకటే రుచి.

ప్రయాణంలో తిండి గురించి మా ఇద్దరికీ పాత తగువుంది. నేను పులిహోర, చపాతీలు, కారప్పొడి, చిన్న సీసాలో నెయ్యి కట్టుకునే రకం. ఆయనేమో "ఊరు మారింది ఊరి తిండి తినడానికి కాదూ?" అనే రకం. చివరికి రాజీ కుదిరింది. బయల్దేరిన రోజు మొదటి పూట నా మూట. ఆ తర్వాత ఏ ఊరికి ఆ ఊరి మెస్సు. నాకు మాత్రం కారప్పొడి పొట్లం సంచీలో ఉండి తీరాలి. అది తిండి కింద లెక్కలోకి రాదు, మందు కింద లెక్క.

ఈ రాజీకి నాకు దక్కిన బహుమానం కోనసీమ. రాజమండ్రిలో రైలు దిగి, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వైపు వెళ్లాం. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన చోటు అదే. దాని మ్యూజియం కూడా అక్కడే ఉంది, ఎండెక్కకముందే చూసెయ్యండి. అవతలి గట్టున ఆత్రేయపురం. పూతరేకులు తింటూ పెరిగిన నేను రేకు పుట్టడం చూడ్డం అదే మొదలు.

ఒక ఇంటి వసారాలో, బోర్లించిన నున్నటి కుండ. పక్కనున్న కంతలోంచి ఎండు కొబ్బరాకులు తోస్తుంటే లోపల మంట. జయ రకం బియ్యాన్ని మెత్తగా రుబ్బి పాలలా పల్చన చేసిన పిండి ఓ వెడల్పు గిన్నెలో. ఆవిడ పల్చటి గుడ్డని రెండు చేతులతో పట్టుకుని, పిండిలో ఓసారి ముంచి, కుండ మీంచి ఒక్క లాగు లాగింది. గుడ్డ దాటిన వెనకే తెల్లగా పొర. నేను కళ్లజోడు సర్దుకునేలోపు అది ఎండి, అంచు లేచి, ఆవిడ చేతిలోకొచ్చేసింది. మళ్లీ ముంచడం, మళ్లీ లాగడం. మంట ఎక్కువైతే రేకు చిట్లుతుంది, తక్కువైతే ఊడిరాదు, ఆ ఆకు ఎప్పుడు తొయ్యాలో ఆవిడ కుండవంక చూడకుండానే తోస్తోంది. మాతో కబుర్లు చెబుతూనే! మా ఆయన జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. "పిండికి నీళ్లెన్నమ్మా?" అనడిగితే ఆవిడ నవ్వి, "సరిపడా బాబూ" అంది. త్రాసుగారు నోరు మూసుకున్నారు. నాకెంత ఆనందమైందో చెప్పలేను.

చుట్టడం ఇంకో విద్య. ఎండురేకు పట్టుకుంటే పొడవుతుంది. తడిగుడ్డతో అలా అద్దితే మెత్తబడి మాట వింటుంది. నెయ్యి రాసి, యాలకులు కలిపిన పంచదార పొడో బెల్లం కోరో చల్లి, మడతపెట్టి చుట్టేస్తారు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపొచ్చింది, ఆ కుండ దగ్గర వేడిలో కూర్చునే ఆడవాళ్లకి అది దక్కాల్సిందే. కొనేటప్పుడు బెల్లానివే కొనండి. జీడిపప్పు, బాదం, చాక్లెట్ కూరినవి కూడా పెడుతున్నారు. చాక్లెట్ పూతరేకు నేను తిన్నాను, ఇంకోసారి తినను.

దగ్గర్లోనే ర్యాలి. ఒకే రాతిలో ముందునుంచి విష్ణుమూర్తి, వెనకనుంచి మోహిని. మగవాళ్లు ముందు దణ్ణం పెట్టుకుని వచ్చేస్తారు. మీరు వెనక్కి వెళ్లి ఆ కొప్పు ముడి చూసి రండి, శిల్పి ఎవరో గానీ ఆడవాళ్ల జుట్టు దగ్గర్నుంచి చూసినవాడే. అక్కణ్ణుంచి దిండి, అంతర్వేది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట ఇద్దరం కాళ్లు తడుపుకుని నిలబడ్డాం, ఆయన ఏదో గంభీరంగా చెప్పబోతుంటే కెరటమొచ్చి చెప్పు ఒకటి పట్టుకుపోయింది. ఒంటి చెప్పుతో మా వారి నడక చూసి నేను నవ్విన నవ్వు, పెళ్లైన కొత్తలో కూడా నవ్వి ఉండను.

ఇక తిరిగొచ్చిన రోజు సంగతి. అది ఆడవాళ్లకి అసలు శిక్ష. తలుపు తీయగానే మాసిన బట్టలు, ఖాళీ ఫ్రిజ్జు, "ఏదైనా కాస్త వేడిగా..." అనే మాట. మా ఇంట్లో ఇప్పుడు ఆ పూట వంట ఆయనది. అన్నం, చారు, అప్పడాలు. చారుపొడి తూచుకుంటారు, పోనివ్వండి, రుచిగానే ఉంటుంది. మీ ఇంట్లో కూడా ఈ ఒక్క షరతు పెట్టి టిక్కెట్లు కొనించండి.

మీ దగ్గర ఇద్దరికి సరిపోయే కొలతలుంటే నాకు రాయండి. గుత్తివంకాయ, బొబ్బట్లు, ముక్కల పులుసు, ఏదైనా సరే, గ్రాముల్లో రాస్తే మా ఆయన సంతోషిస్తారు. పులిహోర మాత్రం రాయకండి. పులిహోర ఇద్దరికి చేసుకునేది కాదు. శేరుంబావు కలిపి, నాలుగిళ్లకి పంచాల్సిందే.